ఈత రాకపోయినా సిమిలాన్ దీవుల్లో చేపల్ని చూసి రావడం ఎలా

సిమిలాన్ వెళ్ళాలంటే పొద్దున అయిదున్నరకి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో హోటల్ ముందు వ్యాను ఎక్కుతారు. సాయంత్రం ఆరు దాటాక ఒళ్ళంతా ఉప్పుతో గదికి చేరతారు. ఇంత రోజులో మీ ముఖం నిజంగా నీళ్ళలో ఉండేది మహా అయితే గంటన్నర. మిగతాదంతా వ్యాను, రేవు, బోటు, భోజనం, ఫొటోలు. ఆ గంటన్నరలోనూ మొదటి అరగంట చాలామందికి మాస్కులోకి నీళ్ళు దూరడంతోనో, దగ్గుతోనో, భయంతోనో పోతుంది. మనం కట్టే డబ్బంతా ఆ గంటన్నర కోసమే. దాన్ని ఎలా దక్కించుకోవాలో చెబుతాను.

నా సంగతి ముందే ఒప్పేసుకుంటాను. మాది కోనసీమ. పదేళ్ళకే పంట కాలవలో ఈదినవాణ్ణి. ఆ ధైర్యంతో లైఫ్ జాకెట్ వద్దని దూకాను. రెండు నిమిషాలు తిరక్కుండానే ఉప్పునీళ్ళు మింగి బోటు నిచ్చెన పట్టుకుని వేలాడుతున్నాను. కాలవ ఈతలో తల పైకెత్తి గాలి పీలుస్తాం. స్నార్కెలింగ్‌లో, అంటే మాస్కు పెట్టుకుని గొట్టంతో గాలి పీలుస్తూ బోర్లా తేలడంలో, తల ఎత్తడమే తప్పు. దానికి తోడు నా మీసం వల్ల మాస్కులోకి నీళ్ళు కారాయి. అదే సమయంలో అరవై దాటిన మా అత్తగారు, జన్మలో ఈత ఎరగని మనిషి, జాకెట్ వేసుకుని, గైడు లాగుతున్న తేలే రింగు పట్టుకుని నింపాదిగా తేలుతూ తాబేలును చూసొచ్చారు. ఆవిడ ముందురోజు హోటల్ కొలనులో అరగంట సాధన చేశారు. నేను చెయ్యలేదు.

ముందు నెల చూసుకోండి, తర్వాతే విమానం టికెట్లు

సిమిలాన్ దీవులు థాయ్‌లాండ్ పడమటి తీరానికి అవతల, అండమాన్ సముద్రంలో ఉన్నాయి. మన అండమాన్ దీవులున్న సముద్రమే అది, కాకపోతే ఎదురొడ్డు. వానలు తెచ్చేది కూడా మన నైరుతి రుతుపవనమే. అందుకే ఏటా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ఈ జాతీయ పార్కును పూర్తిగా మూసేస్తారు. మామూలుగా అక్టోబరు 15న తెరిచి మే 15 వరకు ఉంచుతారు. సముద్రం బాగా నెమ్మదిగా, నీళ్ళు తేటగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. పిల్లల వేసవి సెలవుల కోసం ఆగి మే నెలాఖరుకి టికెట్లు తీసుకుంటే సిమిలాన్ సంగతి మర్చిపోవాల్సిందే. ఏప్రిల్లోనే వెళ్ళొచ్చేయండి.

వానాకాలంలో ఫుకెట్ నుంచి వేరే దీవులకు బోట్లు నడుస్తూనే ఉంటాయి, తక్కువ ధర అని పిలుస్తారు కూడా. 2018 జూలై 5న ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే పర్యాటకుల బోటు గాలివానలో మునిగి 47 మంది పోయారు. ఆ నెలల్లో వెళ్ళక తప్పకపోతే ఈ తీరాన్నే వదిలెయ్యండి. తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్ వైపు కో సముయి నుంచి కో టావో, దాని పక్కనే ఇసుక తిన్నెతో కలిసి ఉన్న మూడు బుల్లి దీవుల నాంగ్ యువాన్ ఉన్నాయి. అక్కడ గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి జూన్, జూలై, ఆగస్టుల్లో పనికొస్తాయి. కింద చెప్పే నీళ్ళ పాఠం అక్కడికైనా ఇదే.

ఎక్కడ బస చెయ్యాలి

సిమిలాన్ బోట్లు ఎక్కువగా బయల్దేరేది ఫుకెట్‌కు ఉత్తరాన ఉన్న ఖావో లక్ అనే బీచ్ ఊరి దగ్గరున్న థాప్ లాము రేవు నుంచి. ఫుకెట్ పటాంగ్ బీచ్‌లో దిగినవాళ్ళు అక్కడికి చేరడానికే వ్యానులో రెండు గంటల పైన కూర్చోవాలి. ఖావో లక్‌లో దిగితే ఇరవై నిమిషాలు. నా మాట వింటే ముందు రాత్రి, ఆ రాత్రి, రెండు రాత్రులు ఖావో లక్‌లో పడుకోండి. పటాంగ్ హడావిడి ఉండదు, పొద్దున రెండు గంటల నిద్ర మిగులుతుంది. నిద్ర లేకుండా బోటెక్కితే కడుపులో తిప్పడం ఖాయం. పైగా అక్కడ ఓ సాయంత్రం ఖాళీ దొరికితే 813 అనే పోలీసు గస్తీ బోటును చూడొచ్చు. 2004 డిసెంబరు 26 సునామీ దాన్ని సముద్రంలోంచి ఎత్తి దాదాపు రెండు కిలోమీటర్లు లోపలికి తెచ్చి పడేసింది. పడినచోటే ఉంచేశారు.

థాయ్‌లాండ్‌లో దిగేముందు డిజిటల్ అరైవల్ కార్డు నింపడం 2025 మే 1 నుంచి తప్పనిసరి. దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి ప్రభుత్వ సైటులో ఉచితంగా నింపొచ్చు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని అర్థం.

బోటు బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి

2018 నుంచి సిమిలాన్‌కు రోజుకు 3,850 మందినే అనుమతిస్తున్నారు, దీవుల మీద రాత్రి బసను కూడా ఆ ఏడే ఆపేశారు. సెలవు రోజుల్లో సీట్లు ముందే అయిపోతాయి కాబట్టి కనీసం వారం ముందు మాట్లాడుకోండి. ధర అడిగేటప్పుడు పార్కు ప్రవేశ రుసుము అందులో కలిసి ఉందో లేదో అడగండి. విదేశీ పెద్దలకు 500 బాట్, పిల్లలకు 250 బాట్. తక్కువ ధర చెప్పి, రేవు దగ్గర ఈ రుసుము విడిగా అడిగేవాళ్ళున్నారు.

తర్వాత ఈ మూడు ప్రశ్నలు. బోటులో ఎంతమందిని ఎక్కిస్తారు? ఈత రానివాళ్ళ కోసం నీళ్ళలోకి దిగే గైడు ఉంటాడా, లాగే రింగు ఉంటుందా? స్నార్కెలింగ్ ఎన్ని చోట్ల, ఒక్కో చోట ఎంతసేపు? మూడో ప్రశ్నకు నిమిషాల్లో జవాబు చెప్పినవాళ్ళని నమ్మండి. "చాలాసేపు సార్" అన్నవాళ్ళని పక్కన పెట్టండి.

గర్భిణులను స్పీడ్‌బోటులో ఎక్కించుకోరు. నడుం నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్ళు కూడా మానుకోవడమే మంచిది, ఎందుకంటే అలల మీద ఆ బోటు ఎడ్లబండి గతుకుల్లో పడ్డట్టు ఎగురుతుంది. గుండె జబ్బు, ఆస్తమా, అదుపులో లేని బీపీ ఉంటే ఊళ్ళోనే డాక్టరును అడిగి బయల్దేరండి. ప్రయాణ బీమా తీసుకుంటే నీళ్ళ ఆటలు అందులో వస్తాయో లేదో చదువుకోండి.

శాకాహారులు బుక్ చేసేటప్పుడే చెప్పాలి. థాయ్ వంటలో కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పడుతుంది. "జే" అనండి. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేని తిండి అని వాళ్ళకి అర్థమవుతుంది. అయినా బోటు భోజనంలో మీకు మిగిలేది అన్నం, పుచ్చకాయ ముక్కలే కావచ్చు. చిన్న స్టీలు డబ్బాలో పులిహోర పెట్టుకున్నవాడు అదృష్టవంతుడు. ప్లాస్టిక్ కవర్లో మాత్రం వద్దు. థాయ్ జాతీయ పార్కుల్లోకి వాడి పారేసే ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు.

ముందురోజు: హోటల్ కొలనులో అరగంట

ఈ ఒక్క అంచె ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. మాస్కు, స్నార్కెల్ గొట్టం మీవే కొని తీసుకెళ్ళండి. ఫిన్స్, అంటే కాళ్ళకు తొడుక్కునే రెక్కలు, బోటువాళ్ళవి చాలు. మాస్కు ముఖానికి సరిపోవాలి, గొట్టం నోట్లో పెట్టుకునేది, రెండూ సొంతవైతేనే హాయి.

కొనేటప్పుడు మాస్కు పట్టీ వెయ్యకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కాస్త గాలి లోపలికి పీల్చండి. చెయ్యి తీసేసినా అది ముఖాన్ని పట్టుకుని ఉండాలి. జారిపోతే ఎంత ఖరీదైనదైనా మీది కాదు. పట్టీ బిగిస్తే నీళ్ళు ఆగుతాయనుకోవడం పెద్ద పొరపాటు. బిగించిన కొద్దీ అంచు వంకరపోయి ఇంకా కారుతుంది.

మీసం ఉన్నవాళ్ళకి పై పెదవి దగ్గర తప్పకుండా కారుతుంది. ముక్కు కింద, మాస్కు అంచు ఆనే ఒక సన్నని గీతంత మేర గీసేసుకోండి. మనసొప్పకపోతే అక్కడ వేజలీన్ దట్టంగా పట్టించండి. నేను రెండోసారి వేజలీన్‌తో గట్టెక్కాను. మా బావమరిది పూర్తిగా తీసేశాడు, ఇంటికొచ్చాక వాళ్ళమ్మ నెల రోజులు దెప్పింది.

కళ్ళద్దాలు పెట్టుకుని మాస్కు వెయ్యలేరు, కాడలు అడ్డొస్తాయి. మైనస్ పవరు ఉన్న మాస్కులు ఆన్‌లైన్లో దొరుకుతాయి. తక్కువ పవరైతే దిగులు అక్కర్లేదు. నీళ్ళలో మాస్కులోంచి చూస్తే ప్రతిదీ మూడో వంతు పెద్దదిగా, దగ్గరగా కనిపిస్తుంది.

ముఖం మొత్తం కప్పే మాస్కులు చూడ్డానికి సుఖంగా ఉంటాయి, నేను మాత్రం వద్దంటాను. వదిలిన గాలి లోపలే తిరిగే ప్రమాదం ఉంది, నీళ్ళు చేరితే గబుక్కున తియ్యడం కష్టం.

ఇక సాధన. కొలను లేకపోతే బాత్రూంలో బకెట్ చాలు. మొదట మాస్కు లేకుండా గొట్టం మాత్రమే నోట్లో పెట్టుకోండి. రబ్బరు బొడిపెలను పళ్ళతో మెత్తగా పట్టుకుని పెదవులతో మూసెయ్యాలి. ముఖం నీళ్ళలో ముంచి నోటితో పీల్చి నోటితోనే వదలండి. ముక్కుకి నీళ్ళు తగలగానే ఊపిరి బిగబట్టాలనిపిస్తుంది. మనిషి ఒంటికి అది సహజం. అది పోవడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. సముద్రంలో అలల మధ్య ఆ అయిదారు నిమిషాలు చాలా ఎక్కువ, బకెట్ ముందు ఏమీ కాదు. మా అత్తగారు ప్రాణాయామంలా లెక్కపెట్టుకున్నారు: నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. అంతకంటే మంచి పద్ధతి నాకు ఇప్పటికీ దొరకలేదు.

అది కుదిరాక మాస్కు వేసుకుని కొలనులో బోర్లా తేలండి. గొట్టంలోకి కావాలనే నీళ్ళు రానిచ్చి, "తూ" అని ఒక్క ఊపున గట్టిగా ఊదండి. నీళ్ళు పైనుంచి ఎగిరిపోతాయి. ఊదాక మొదటి గాలి నెమ్మదిగా తీసుకోండి, అడుగున నాలుగు చుక్కలు మిగిలే ఉంటాయి. తర్వాత మాస్కులోకి కాస్త నీళ్ళు రానిచ్చి, తల ఎత్తి, కింది అంచు లాగి వదిలెయ్యండి. ఈ రెండూ పదేసిసార్లు చేస్తే రేపు నీళ్ళు వచ్చినా కంగారు పుట్టదు.

కొత్త మాస్కు గాజు మీద ఆవిరి పట్టకుండా లోపల టూత్‌పేస్టుతో రుద్ది కడగండి. సముద్రంలోకి దిగే ముందు బేబీ షాంపూ చుక్క రాసి కడిగేసినా సరే, ఉమ్మి రాసి తొలిపినా సరే. రెండోది వినడానికి బాగోదు కానీ అందరూ చేసేది అదే.

సంచిలో ఏముండాలి

పొడుగు చేతుల ఈత చొక్కా, మోకాళ్ళ కిందికి వచ్చే లెగ్గింగు. ఆడవాళ్ళైనా మగవాళ్ళైనా ఇదే. బోర్లా తేలేటప్పుడు చల్లగా ఉండి ఎండ తెలియదు, రాత్రికి వీపు, పిక్కలు అట్టు మాడినట్టు మాడతాయి. చున్నీలు, చీరలు, పొడుగు గౌన్లు నీళ్ళలో కాళ్ళకు చుట్టుకుంటాయి.

సన్‌స్క్రీన్ ఇక్కడి నుంచే చూసి కొనండి. 2021 ఆగస్టు నుంచి థాయ్ సముద్ర పార్కుల్లో పగడాలకు హాని చేసే నాలుగు రసాయనాలున్నవాటిని నిషేధించారు: ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, 4-మిథైల్‌బెంజిలిడీన్ క్యాంఫర్, బ్యుటైల్‌పారాబెన్. జరిమానా లక్ష బాట్ దాకా ఉంది. జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి. కొబ్బరినూనె రాసుకోవద్దు, మాస్కు జారుతుంది.

ఇవి కాక తువ్వాలు, స్టీలు నీళ్ళ సీసా, పొడి బట్టలు, పాస్‌పోర్టు నకలు, కొంచెం నగదు, ఫోనుకి నీళ్ళు దూరని సంచి. నగలు గదిలో వదిలెయ్యండి. చల్లటి నీళ్ళలో వేలు సన్నబడి ఉంగరం జారిపోతే వెతకడానికి ఎవరూ దిగరు.

పొద్దున రేవు దగ్గర

బోటు తిరుగుడు పడనివాళ్ళు మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికే పోతుంది. అవోమిన్ లాంటివి నిద్ర తెప్పిస్తాయి, మీకు ఏది పడుతుందో ఊళ్ళోనే డాక్టరును అడగండి. రేవులో ఉచితంగా పెట్టే కాఫీ, నూనె తిండి కాకుండా ఒక అరటిపండు, రెండు బిస్కెట్లతో సరిపెట్టండి.

బోటెక్కేముందు చెప్పులు అడుగుతారు, అన్నీ ఒకే బుట్టలో పడేస్తారు. రోజంతా వట్టి కాళ్ళే. కొత్త చెప్పులు వేసుకెళ్ళొద్దు.

బోటు ముందు కొస దగ్గర సీట్లు గాలి తగులుతూ బాగుంటాయని కుర్రాళ్ళు ముందు అక్కడికే పరిగెడతారు. ఎగిరిపడేది కూడా అక్కడే. పెద్దవాళ్ళని, పిల్లల్ని వెనక కూర్చోబెట్టండి. దీవులు తీరానికి 60 కిలోమీటర్లకు పైనే, గంటంబావు నుంచి గంటన్నర పడుతుంది. తిప్పుతుంటే ఫోను పక్కన పెట్టి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండండి.

నీళ్ళలో

బోటు ఆగగానే అందరూ ఒక్కసారి దూకుతారు. రెండు నిమిషాలు ఆగండి. ఆ తోపులాటలో ఎవరి ఫిన్సో మీ మాస్కుని తన్నేస్తాయి. జాకెట్ బకిల్స్ అన్నీ, కాళ్ళ మధ్య పట్టీ ఉంటే అది కూడా, బిగించండి. ఆ పట్టీ లేకపోతే జాకెట్ చెవుల దాకా లేచి మెడకు అడ్డొస్తుంది. దూకకుండా నిచ్చెన మీంచి దిగండి. దిగాక నిచ్చెన పట్టుకునే ముఖం ముంచి పది ఊపిర్లు తీసుకోండి. నిన్న బకెట్‌లో చేసిందే. అప్పుడు చెయ్యి వదలండి.

ఉప్పునీరు మిమ్మల్ని తేలుస్తుంది, జాకెట్ ఇంకా తేలుస్తుంది. మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు. చేతులు ఆడించకండి. కాళ్ళు తుంటి దగ్గర్నుంచి నెమ్మదిగా ఆడించండి, సైకిలు తొక్కొద్దు. చూపు కిందికే ఉంచండి. ముందుకు చూద్దామని తల ఎత్తితే గొట్టం వెనక్కి వాలి నీళ్ళలో మునుగుతుంది. నేను మింగిన నీళ్ళన్నీ అలాగే మింగాను.

ప్రతి రెండు మూడు నిమిషాలకు తల ఎత్తి మీ బోటు ఎక్కడుందో చూడండి. తెల్ల బోట్లన్నీ ఒకేలా ఉంటాయి, దిగే ముందే దాని పేరో రంగు జెండానో గుర్తు పెట్టుకోండి. పక్కవాళ్ళతో జట్టు కట్టండి, ఒక్కరే దూరం పోవద్దు. బాగున్నానని చెప్పాలంటే అరచెయ్యి నడినెత్తిన పెట్టండి. చెయ్యి ఎత్తి ఊపితే సాయం కావాలని అర్థం, కాబట్టి ఫొటో కోసం చెయ్యి ఊపొద్దు.

కనిపించేవాటిలో చిలక చేపల్ని వినండి కూడా. పక్షి ముక్కులాంటి నోటితో పగడాన్ని కొరుకుతుంటే నీళ్ళలో కరకరమని వినిపిస్తుంది. నమిలి పనికిరానిది సన్నటి ఇసుకగా వదులుతాయి. అటు తర్వాత మీరు నడిచే తెల్లటి ఇసుకలో వాటి వాటా కూడా ఉంది. పువ్వులా కనిపించే ఆనిమోన్ అనే సముద్రజీవి వేళ్ళ మధ్య నుంచి నారింజ రంగు మీద తెల్ల చారలున్న చేప బయటికొచ్చి మిమ్మల్ని బెదిరిస్తుంది, అది ఇల్లు కాసుకుంటోంది. నల్ల కొస రెక్కల చిన్న సొరచేప కనిపిస్తే అదే మిమ్మల్ని చూసి పోతుంది. కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది ట్రిగ్గర్ చేపల్లో పెద్దదైన టైటన్‌తో. గూడు కాపలా కాసేటప్పుడు తరిమి కరుస్తుంది. దాని హద్దు గూటి నుంచి పైకి గరాటులా విచ్చుకుంటుంది కాబట్టి నీటి పైకి పోతే తప్పించుకోలేరు, పక్కకి ఈదాలి.

పగడం మీద నిలబడొద్దు, ముట్టుకోవద్దు, చేపలకు రొట్టె వెయ్యొద్దు. మూడూ అక్కడ నేరాలే. ఇంకోమాట, కరపత్రంలోని రంగులు ఆశించొద్దు. 2010లో ఈ సముద్రం వేడెక్కి పగడాలు పెద్దఎత్తున తెల్లబారి చచ్చాయి. తక్కువ లోతులో చాలాచోట్ల బూడిదరంగు దిబ్బలే కనిపిస్తాయి. చేపలకు మాత్రం లోటు లేదు.

జెల్లీఫిష్ కుడితే రుద్దకండి, మంచినీళ్ళు పొయ్యకండి. బోటులో వెనిగర్ ఉంటుంది, అది పోయించుకోండి. ఊపిరి ఇబ్బందైతే వెంటనే సిబ్బందికి చెప్పండి. ఆయాసం, చలి, పిక్క పట్టెయ్యడం, ఏది మొదలైనా మొహమాటం లేకుండా బోటెక్కెయ్యండి.

దీవుల మీద

సిమిలాన్ అన్న పేరు తొమ్మిది అనే మలయ్ మాట నుంచి వచ్చింది. తొమ్మిది దీవులకు పేర్లతో పాటు అంకెలూ ఉన్నాయి. పార్కు 1982లో పెట్టాక మరో రెండు దీవులు కలిపారు. బోట్లు ఆగేది 4, 8 అంకెల దీవుల్లో. 8వ దీవిలో తెరచాపలాంటి పెద్ద బండ ఉంది, అందరి ఫొటోలలో ఉండేది అదే. పైకెక్కడానికి ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం బండ కాలుతుంది, చెప్పులు బోటులో ఉన్నాయని మర్చిపోకండి. వరసలో నిలబడే ఓపిక లేకపోతే ఎక్కకుండా అంతసేపూ ఒడ్డున తేలండి. నేను రెండోసారి అదే చేశాను, చింతించలేదు. భోజనం సగం కడుపుకే చేసి, మళ్ళీ నీళ్ళలోకి దిగడానికి అరగంట ఆగండి.

తిరిగొచ్చాక

స్కూబా, అంటే గాలి సిలిండరుతో లోతుకు దిగడం, చేసినవాళ్ళలా విమానానికి గంటలు లెక్కపెట్టక్కర్లేదు, పైపైన తేలారు కాబట్టి మర్నాడు పొద్దున్నే ఎగరొచ్చు. చెవిలో నీళ్ళుంటే తల పక్కకి వాల్చి తమ్మె లాగండి, పుల్లలు పెట్టొద్దు. మాస్కు మంచినీళ్ళలో కడిగి నీడలో ఆరబెట్టండి. రాత్రి పడుకోగానే మంచం ఊగుతున్నట్టు అనిపిస్తుంది. కంగారుపడి మరో మాత్ర వేసుకోకండి, ఒళ్ళు ఇంకా బోటు దిగలేదంతే, తెల్లారేసరికి సర్దుకుంటుంది.